హనుమకొండలో 240 గజాల జాగ: చూసేటోళ్లు కూడా దిగి ఆడేలా పికిల్‌బాల్ కోర్టు ఎట్ల వేయాలె?

ఖాళీజాగ_హనుమకొండ:

అన్నలకు, అక్కలకు నమస్తే. శివారుల మా కాలనీకి ఉమ్మడి జాగ ఒకటి ఉన్నది. వెడల్పు 36 అడుగులు, పొడుగు 60 అడుగులు. పొడుగు తూర్పు పడమరలకు ఉన్నది. దక్షిణం దిక్కు రోడ్డు, ఉత్తరం దిక్కు ఇండ్ల ప్రహరీలు. నేల నల్లరేగడి, ఎండకాలం చెయ్యి దూరేంత నెర్రెలు ఇస్తది.

బాక్స్ క్రికెట్ చుట్టుపక్కల మస్తుగ ఉన్నయి, పైగా ఇంత సన్న జాగల క్రికెట్ పెడితే ఇండ్ల అద్దాలు మిగలవు. ఐపీఎల్, ప్రో కబడ్డీ టైంల కమ్యూనిటీ హాల్‌ల తెర కడితే జనం బాగనే వస్తరు. మ్యాచ్ అయిపోంగనే ఎవరింటికి వాళ్లు. మాకు కావలసింది వేరే: కూసొని చూసినోళ్లే పది నిమిషాలకు లేచి ఆడాలె, వాళ్లు ఆడుతుంటే మిగిలినోళ్లు కదలకుండ చూడాలె. పిల్లలు, ఆడవాళ్లు, రిటైరైన సార్లు అందరూ. అందుకని పికిల్‌బాల్ (నడుమ నెట్టు కట్టి, చిన్న బ్యాట్లతోని రంధ్రాల ప్లాస్టిక్ బంతి కొట్టే ఆట) అనుకుంటున్నం.

ఈ జాగల చూసేటోళ్లకు చోటు మిగులుతదా? నల్లరేగడి మీద స్లాబ్ పగలకుండ ఉండాలంటే ఏం చేయాలె? లైట్లు ఎన్ని, ఎక్కడ? 12 జట్లతో టోర్నీ పెడితే ఒక్క కోర్టు మీద ఎన్ని గంటలు పడతది? ఈ ఆట పేరే వినని వాళ్లకు పాయింట్లు ఎట్ల అర్థం కావాలె? తెలిసినోళ్లు కొలతలతోని చెప్పండ్రి.

స్లాబ్‌పని_కాజీపేట:

తమ్మీ, జాగ సరిపోతది. కాని స్లాబ్ పోసే ముందు ఒక్క నెల సుద్దముక్కతోని ఆడి చూడుండ్రి. బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టు, పికిల్‌బాల్ కోర్టు రెండూ 44 అడుగులు బై 20 అడుగులే. 1965ల అమెరికాల సియాటిల్ దగ్గరి బెయిన్‌బ్రిడ్జ్ దీవిల ఈ ఆట పుట్టిందే ఒక ఇంటి బ్యాడ్మింటన్ కోర్టు మీద, అందుకే ఆ కొలత. మీ దగ్గర్ల సిమెంటు బ్యాడ్మింటన్ కోర్టు ఏదున్నా నెట్టు కిందికి దించి, నెట్టు నుంచి ఇటు 7 అడుగులు, అటు 7 అడుగులు కొలిచి గీత గీస్తే ఆట తయారు. ఆ గీత లోపట నిలబడి బంతిని గాల్ల కొట్టొద్దు. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటున్నది. బ్యాడ్మింటన్ షార్ట్ సర్వీస్ గీత 6 అడుగుల 6 అంగుళాల దగ్గర ఉంటది, దాన్నే వాడేస్తరు. ఆ ఆరంగుళాల తేడాకు ముందుకొచ్చి కొట్టే అలవాటు తప్పుగ పడుతది, తర్వాత సరైన కోర్టుల ప్రతి దెబ్బకు ఫాల్టే. కొత్త గీత వేరే రంగుల గీయుండ్రి.

నెల తర్వాత కూడ జనం వస్తున్నరంటేనే మట్టి తీయుండ్రి.

ఇగ జాగ లెక్క. పొడుగుల 44 పోతే 16 అడుగులు, అంటే ఇరువైపుల బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) వెనక చెరి 8 అడుగులు. కనీసం కావలసింది కూడ గంతే (మొత్తం 60 బై 30 కనీసం, 64 బై 34 అయితే మేలు). అందుకని బేస్‌లైన్ వెనక కుర్చీ, నీళ్ల డ్రమ్ము, చెప్పుల స్టాండు ఏదీ పెట్టొద్దు. వెడల్పు 36ల ఉత్తరం దిక్కు 6 అడుగులు వదులుండ్రి, తర్వాత కోర్టు 20, మళ్ల 6 అడుగులు, మిగిలిన 4 అడుగులల్ల రోడ్డు దిక్కు రెండు వరుసల మెట్లు. దక్షిణం దిక్కు కూసుంటే ఎండ వీపు మీద పడుతది, కండ్లల్ల పడదు. ఈ ఆటల బంతి ఎక్కువ సేపు నెట్టు దగ్గర్నే తిరుగుతది కాబట్టి పక్క నుంచి చూస్తేనే మజా. అంటే స్లాబ్ పోయాల్సింది 60 బై 32 అడుగులు.

నల్లరేగడి సంగతి మీద అసలు పైసలు ఆదా చేయొద్దు. అది తడిస్తే ఉబ్బుతది, ఎండితే ముడుచుకుంటది. మధ్యల స్లాబ్ కింద తేమ నిలకడగ ఉంటది, అంచుల దగ్గర మాత్రం వానకు తడుస్తది, ఎండకు ఎండుతది. గందుకే స్లాబ్ ముందుగల అంచుల పొంటి లేస్తది, కుంగుతది, పగులు లోపలికి పాకుతది. 2 అడుగుల లోతు రేగడి తీసి బయట పారేయాలె, 3 అడుగులైతే ఇంకా మంచిది. ఆ గుంతల మొరం 6 అంగుళాల పొరలుగ పోసి, నీళ్లు చల్లి, ప్రతి పొరకు వైబ్రో రోలర్ తిప్పాలె. 2 అడుగులకు 3,840 ఘనపు అడుగులు నిండాలె, రోలర్ కింద మొరం అణుగుతది కాబట్టి కొనేటప్పుడు పావు వంతు ఎక్కువ లెక్క పెట్టుకోండ్రి. రెండడుగులు ఒక్కసారే పోసి పైన రోలర్ తిప్పితే పై ఆరంగుళాలే గట్టిపడతయి, కింద మెత్తగనే ఉంటది. రెండు వానకాలాలకు కోర్టు నడుమ గిన్నె లెక్క కుంగుతది. అంచున పూల మొక్కలు పెట్టి రోజూ నీళ్లు పోసుడు, పక్కన వేప, రావి నాటుడు రెండూ వద్దు. మొక్కల నీళ్లు ఒక్క పక్క మట్టిని ఉబ్బిస్తయి, చెట్టు వేర్లు ఇంకో పక్క తేమ గుంజుతయి.

మొరం మీద 4 అంగుళాలు వెట్‌మిక్స్ (తడిపి కలిపిన కంకర, రాతిపొడి), దాని మీద 250 మైక్రాన్ల పాలిథీన్ షీటు. షీటు వేయకుంటే కింది తేమ పైకొచ్చి రంగు బుడగలు బుడగలుగ లేస్తది. షీటు మీద 5 అంగుళాల స్లాబ్. 8 ఎంఎం సలాక రెండు దిక్కుల 8 అంగుళాలకొకటి, ఓవర్‌ల్యాప్‌తో కలిపి ముప్పావు టన్ను దాక పడతది. సలాక స్లాబ్ అడుగున పడి ఉంటే పగులును ఆపదు, కవర్ బ్లాకుల మీద నిలబెట్టి పై అంచుకు 2 అంగుళాల కింద ఉంచాలె. కాంక్రీటు 800 ఘనపు అడుగులు, అంటే 22.65 ఘనపు మీటర్లు. రెడీమిక్స్ అయితే 6 ఘనపు మీటర్ల బండ్లు నాలుగు, ఎం25 (కాంక్రీటు గట్టిదనం రకం) చెప్పుండ్రి. సైటు మీద ఎం20 కలిపితే సిమెంటు దగ్గర దగ్గర 180 సంచులు. నా మాట అడిగితే రెడీమిక్సే. నాలుగు బండ్లు ఒకే పొద్దున పడాలె. సగం ఇయ్యాల, సగం రేపు పోస్తే నడుమ అతుకు పడి అక్కడ బంతి తప్పుడుగ లేస్తది.

వాలు ఉత్తరం నుంచి దక్షిణానికి, 10 అడుగులకు 1 అంగుళం. 32 అడుగులకు మూడంగుళాల పైన వస్తది. మెట్ల కింద నుంచి కాలువ తీసి రోడ్డు మోరీల కలుపుండ్రి. ఉత్తరానికి వాలు పెడితే నీళ్లన్నీ పక్క ఇండ్ల పునాదులకు పోతయి, కొట్లాటలు వస్తయి. నెట్టు దగ్గర ఎత్తు పెట్టి రెండు దిక్కుల వాలు ఇయ్యమని కొందరు మేస్త్రీలు అంటరు, వద్దు, మొత్తం ఒకటే పలక లెక్క ఒక దిక్కుకే వాలాలె.

గ్రూవ్ కటింగ్ (స్లాబ్ మీద సన్న కోతలు కోసుడు) మరువొద్దు. పోసిన 12 గంటల నుంచి 24 గంటల లోపట, ఎండ ఎక్కువుంటే ఇంకా ముందు, పావు మందం అంటే అంగుళంపావు లోతు కొయ్యాలె. ఆలస్యమైతే స్లాబే తనకు నచ్చిన కాడ పగులుతది. పొడుగుల నెట్టు గీత మీద ఒకటి, అక్కడి నుంచి ఇటు 10, 20 అడుగుల దగ్గర, అటు 10, 20 అడుగుల దగ్గర. అప్పుడు 7 అడుగుల గీత మీద గానీ, 22 అడుగుల బేస్‌లైన్ మీద గానీ కోత పడదు. వెడల్పుల 8, 16, 24 అడుగుల దగ్గర, 16ది సరిగ్గ సెంటర్ గీత కిందికి వస్తది. కోతలను సిమెంటుతోని నింపొద్దు, సాగే పాలీయురెథేన్ సీలెంటు వాడాలె.

నెట్టు స్తంభాల గొట్టాలు పోయకముందే పాతాలె. ఒక స్తంభం లోపలి అంచు నుంచి ఇంకో దాని లోపలి అంచుకు 22 అడుగులు. 18 అంగుళాల చదరం, రెండున్నర అడుగుల లోతు పునాది వేరేగ పోసి, చుట్టూ ఫోమ్ షీటు చుట్టి స్లాబ్ నుంచి విడదీయుండ్రి. స్లాబ్ పోసినంక బోల్టులు దింపి నిలబెడితే నెట్టు బిగువుకు ఏడాదిల లోపలికి ఒరుగుతయి.

పైన నునుపుగ పాలిష్ చేయొద్దు, చీపురు గీతలు ఉండాలె. క్యూరింగ్ మందు కొట్టొద్దు, దాని మీద రంగు పట్టదు. కట్టలు కట్టి 14 రోజులు నీళ్లు నిలబెట్టుండ్రి, 28 రోజులు అయినంకనే యాక్రిలిక్ రంగు. వానలు ఆగినంక నవంబర్ల తవ్వకం, డిసెంబర్ల స్లాబ్, జనవరిల రంగు, గీ లెక్కన పోతే మనకాడ అన్నిటికీ అనుకూలం. మే నెల మధ్యాహ్నం స్లాబ్ మీద రంగు గుంజితే ఆరేలోపే పొరలు పొరలుగ చీలుతది. రంగుకు ముందు నీళ్లు కొట్టి గంట ఆగి చూడుండ్రి. ఎక్కడన్న రూపాయి బిళ్ల మునిగేంత నీళ్లు నిలిస్తే ఆ గుంట నింపి, మళ్ల నీళ్లు కొట్టాలె.

గీతలు 2 అంగుళాల మందం. మూలలు చదరంగ వచ్చినయా అని చూడాలంటే మొత్తం కోర్టు ఐమూల 48 అడుగుల 4 అంగుళాలు రావాలె, సగం కోర్టుది 29 అడుగుల 8 అంగుళాల ముప్పావు. రెండు ఐమూలలు సమానం కాకుంటే రంగు ముట్టుకోవద్దు.

వెలుతురు_హంటర్‌రోడ్:

స్లాబ్ గురించి పైన అన్న పూర్తిగా చెప్పారు. నేను లైట్లు, ఎండ, గాలి, కెమెరా వరకు చెప్తాను.

మీ కోర్టు తూర్పు పడమరలకు ఉంది, తిప్పడానికి వీల్లేదు, ఎందుకంటే 36 అడుగుల వెడల్పులో 44 పట్టదు. పొద్దున 8 లోపు ఒకరికి, సాయంత్రం 5 నుంచి చీకటి పడేదాకా ఇంకొకరికి సూర్యుడు సరిగ్గా కళ్లలో ఉంటాడు. పడమర చివర 10 అడుగుల ఎత్తున ముదురు ఆకుపచ్చ నెట్ కట్టండి, పసుపు బంతి కూడా దాని ముందు బాగా కనపడుతుంది. అయితే ఆ నెట్ గాలికి తెరచాపలా పనిచేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర వచ్చే గాలిదుమారానికి స్తంభాలే వంగుతాయి. రెండడుగులకొకటి ప్లాస్టిక్ టై కట్టండి, ఇనుప తీగ వద్దు. పెద్ద గాలికి ముందు టై తెగాలి, స్తంభం మిగలాలి. సాయంత్రం మ్యాచ్‌ల్లో జట్లు సగం ఆటకు దిక్కు మారేలా నియమం పెట్టుకుంటే ఎండ నష్టం ఇద్దరికీ సమానం.

లైట్లకు లెక్క ఇదీ. స్లాబ్ 178 చదరపు మీటర్లు. సరదా ఆటకు 300 లక్స్ (చదరపు మీటరుకు 300 ల్యూమెన్ల వెలుతురు) చాలు, అంటే నేల మీదికి 53,400 ల్యూమెన్లు చేరాలి. దుమ్ము, పక్కలకు పోయే వెలుతురు తీసేస్తే దీపం ఇచ్చేదాంట్లో 40 శాతమే నేలకు అందుతుందని పెట్టుకోండి. వాట్‌కు 120 ల్యూమెన్లు ఇచ్చే 200 వాట్ల ఎల్‌ఈడీలు ఆరు సరిపోతాయి. మొత్తం 1,200 వాట్లు, రాత్రి నాలుగు గంటలు వేస్తే 4.8 యూనిట్లు. 20 అడుగుల స్తంభాలు పక్క గీతల బయట, ఒక్కో దిక్కున మూడు దీపాలు. బేస్‌లైన్ వెనక మాత్రం ఎప్పుడూ పెట్టకండి, లాబ్ షాట్‌కు (తల మీదుగా ఎత్తుగా వేసే బంతికి) తల పైకెత్తిన ఆటగాడికి బంతి దీపంలో కలిసిపోతుంది. దీపం నేరుగా కిందికి చూడాలి. పక్కకు వంచితే ఉత్తరం వైపు ఇళ్ల పడకగదుల్లోకి వెలుతురు పోతుంది.

తొలకరి వానలకు ఉసిళ్లు కమ్ముకుంటాయి, ఒక్కోసారి స్లాబ్ నిండా రెక్కలు రాలి కాళ్లు జారతాయి. కోర్టుకు దూరంగా రోడ్డు మూలన ఒక దీపం ముందే వెలిగించి, కోర్టు దీపాలు అరగంట ఆలస్యంగా వేయండి. ఆట మొదలుపెట్టే ముందు ఊడ్వాల్సిందే.

రోజువారీ ఆటకు ఎన్‌పీడీసీఎల్ (కరెంటు సంస్థ) మీటరు కమిటీ పేరు మీదే తీసుకోండి. పక్కింటి నుంచి వైరు లాగకండి. తడి స్లాబ్ మీద పిల్లలు చెప్పులు లేకుండా తిరుగుతారు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (షాక్ తగిలితే కరెంటు ఆపేసే స్విచ్చి), ప్రతి ఇనుప స్తంభానికి ఎర్త్ ఉండి తీరాలి.

ఆటను ఇంట్లో ఉన్నవాళ్లకు యూట్యూబ్‌లో చూపించాలనుకుంటే ముందే ఒక మాట. ఫోన్ నుంచి లైవ్ ఇవ్వాలంటే ఛానెల్‌కు కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు కావాలి, మొదటిసారి లైవ్ ఆన్ చేశాక అనుమతికి 24 గంటల దాకా పట్టవచ్చు. టోర్నీ రోజు సాయంత్రం ఆరు గంటలకు మొదలుపెడితే కుదరదు, వారం ముందే తెరిచి ఒక పరీక్ష ప్రసారం చేయండి. ఫోన్‌ను బేస్‌లైన్ వెనక సరిగ్గా నడిమధ్యన 10, 12 అడుగుల ఎత్తున అడ్డంగా బిగించండి. నేల మట్టం నుంచి తీస్తే నెట్టే అడ్డమొస్తుంది, బంతి గీత లోపల పడిందో బయట పడిందో తెలీదు. చౌక ఎల్‌ఈడీల కింద వీడియోలో నల్లటి పట్టీలు పారుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కెమెరా సెట్టింగ్‌లో యాంటీ ఫ్లికర్ 50 హెర్ట్జ్ పెట్టి, షట్టర్ వేగం 1/50 లేదా 1/100కు బిగిస్తే పట్టీలు పోతాయి. 720పీ చాలు, దానికి 4 ఎంబీపీఎస్ అప్‌లోడ్ నిలకడగా ఉండాలి. జనం నిండాక మొబైల్ డేటా పడిపోతుంది, పక్క ఇంటి ఫైబర్ కనెక్షన్‌కు కలపండి.

కబడ్డీ_జమ్మికుంట:

చూసి వెంటనే అర్థమయ్యే ఆట కావాలంటే కబడ్డీని మించింది లేదు. 30 సెకన్ల రెయిడ్, తాకితే పాయింటు, పట్టుకుంటే పాయింటు, ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. అయినా మీ స్లాబ్ మీద పెట్టొద్దనే చెప్తున్న, కారణం కొలతలే. పురుషుల కోర్టు 13 బై 10 మీటర్లు, మీ స్లాబ్ వెడల్పు 9.75 మీటర్లే. మహిళలది 12 బై 8 మీటర్లు, అది పడుతది, చదరపు మీటరు మ్యాట్లు 96 కావాలె. కాని పక్కకు మిగిలేది చెరి 87 సెంటీమీటర్లు. రెయిడర్‌ను లాబీ (కోర్టు పక్క పట్టీ) బయటికి గుంజితే ఒక దిక్కు మెట్ల అంచు, ఇంకో దిక్కు ప్రహరీ. తలకాయలు పగులుతయి. పైగా రంగు వేసిన స్లాబ్ మీద మ్యాట్లు పరిస్తే కింద చిక్కిన ఇసుక రంగును గీకుతది.

కబడ్డీ కావాలంటే బడి గ్రౌండ్‌ల చల్క నేల దున్ని, రాళ్లు ఏరి, నీళ్లు చల్లి ఆడించుండ్రి. పికిల్‌బాల్‌కు కబడ్డీ నుంచి తీసుకోవాల్సింది ఒకటే: పెద్ద గడియారం. టైం కరుగుతున్నట్టు కనపడితే జనం లేవరు.

కిచెన్‌గీత_కరీంనగర్:

టోర్నీ, నియమాల వరకు నేను చెప్తాను. 12 జట్లను మూడేసి చొప్పున నాలుగు గ్రూపులు చేయండి. గ్రూపుకు 3 మ్యాచ్‌లు, మొత్తం 12. మామూలు 11 పాయింట్ల డబుల్స్ గేమ్‌కు 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది, కాబట్టి 20 నిమిషాల స్లాట్ పెడితే 12 మ్యాచ్‌లకు సరిగ్గా 4 గంటలు, సాయంత్రం 6 నుంచి 10. మొదటి రోజు అంతే. రెండో రోజు రెండు సెమీస్, ఫైనల్, మూడింట్లో రెండు గెలిచే పద్ధతి. మిగిలిన టైమంతా చూసేవాళ్లది. ఒకే రోజు 15 మ్యాచ్‌లు కుక్కాలని చూడకండి, ఒక్క మ్యాచ్ సాగినా ఫైనల్ రాత్రి 11 దాటుతుంది. ఆరుబయట మైకు రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నిషేధం. మైకు లేకపోయినా ఈ బంతి "టక్" శబ్దం చాలా పదునుగా ఉంటుంది. ఆకుపచ్చ నెట్ దాన్ని ఆపదు. ఉత్తరం ఇళ్లవాళ్లతో ముందే కూర్చుని ఆట ముగింపు టైం రాసుకోండి, వాళ్లలో ఒకరిని కమిటీలో పెట్టుకోండి.

ముగ్గురి గ్రూపులో ఒక్కొక్కరు ఒక్కో మ్యాచ్ గెలిస్తే ఏం చేయాలో ఆట ముందే బోర్డు మీద రాయండి: పాయింట్ల తేడా, అదీ సమానమైతే చేసిన మొత్తం పాయింట్లు. తర్వాత చెప్తే ఏ నియమమైనా అన్యాయంగానే కనిపిస్తుంది.

కొత్త ప్రేక్షకుడు తికమక పడేది స్కోరు దగ్గర. పాత పద్ధతిలో సర్వ్ చేసే జట్టుకే పాయింటు. రెఫరీ మూడు అంకెలు చెప్తాడు: సర్వ్ చేసే జట్టు పాయింట్లు, అవతలి జట్టు పాయింట్లు, సర్వ్ చేస్తున్నది మొదటివాడా రెండోవాడా అని. ఆట మొదలే "సున్నా సున్నా రెండు" అంటారు, ఎందుకంటే మొదట సర్వ్ చేసే జట్టుకు ఆ ఒక్క వంతులో రెండో సర్వర్ అవకాశం ఉండదు. తెలిసినవాళ్లకు ఇది అందం. మెట్ల మీద మొదటిసారి కూర్చున్నావిడకు మాత్రం "అద్భుతంగా కొట్టారు కదా, పాయింటు ఎందుకు రాలేదు?" అన్న ప్రశ్నే మిగులుతుంది. అందుకే మొదటి రోజు గ్రూపు మ్యాచ్‌లకు ఎవరు సర్వ్ చేసినా ప్రతి ర్యాలీకి (సర్వ్ నుంచి బంతి ఆగేదాకా సాగే ఆటకు) పాయింటు ఇచ్చి 15కు ఆడించండి, 14-14 అయితే తర్వాతి పాయింటే గెలుపు. సెమీస్, ఫైనల్‌కు పాత పద్ధతే పెట్టండి, అప్పటికి జనానికి కళ్లు అలవాటై ఉంటాయి. అంకెలు 8 అంగుళాల ఎత్తున్న తిప్పే బోర్డు మెట్లకు ఎదురుగా ఉత్తరం వైపు పెట్టి, ఒక పిల్లవాడికో పిల్లకో అప్పగించండి.

చెప్పాల్సిన నియమాలు నిజానికి మూడే. సర్వ్ కింది నుంచి పైకి, నడుము కంటే కింద తగిలేలా, ఐమూలగా అవతలి గడిలోకి. సర్వ్ వెళ్లాక అటు ఒకసారి, తిరిగొచ్చాక ఇటు ఒకసారి బంతి నేలకు తగలనివ్వాలి, ఆ తర్వాతే గాల్లో కొట్టొచ్చు. నెట్టుకు ఇటు అటు 7 అడుగుల చోటును కిచెన్ అంటారు, అందులో నిలబడి బంతిని గాల్లో కొట్టకూడదు. కొట్టిన ఊపులో కాలు గీతను తాకినా తప్పే, ఆ పాటికి పాయింటు అయిపోయినా తప్పే. కిచెన్ లోపలికి అసలు పోకూడదని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. బంతి కింద పడితే ఎంత లోపలికైనా పోయి ఆడొచ్చు.

ఇక చూసేవాళ్లు దిగి ఆడే గంట సంగతి. గోడకు ఒక చెక్క పెట్టి బ్యాట్లు నిలబెట్టే గాట్లు చేయండి. ఆడాలనుకున్నవాళ్లు బ్యాటు పెట్టడమే వరుస, పేర్లు రాయడం అక్కర్లేదు. మొదటి నాలుగు బ్యాట్లు కోర్టులోకి, ఆట అయ్యాక నలుగురూ బయటికి. గెలిచినవాళ్లను ఉంచే పద్ధతి వద్దు, బాగా ఆడే ఇద్దరే గంటంతా ఆక్రమిస్తారు. 7 పాయింట్లు, ప్రతి ర్యాలీకి పాయింటు అయితే ఒక ఆట ఐదారు నిమిషాల్లో తేలుతుంది. గంటకు పది ఆటలు, నలభై మంది ఆడినట్టు. కమిటీ దగ్గర 8 బ్యాట్లు, డజను బంతులు ఉంటే చాలు. బ్యాటు 210 నుంచి 235 గ్రాములు, లోపల పాలీప్రొపిలీన్ తేనెతుట్టె గడులు, 16 ఎంఎం మందం ఉన్నది కొత్తవాళ్లకు మంచిది, బంతి అదుపులో ఉంటుంది. చెక్క బ్యాట్లు చౌకే, కానీ బరువుకు పెద్దవాళ్ల మోచేతులు నొప్పి పెడతాయి.

బంతి ఆరుబయటది, 40 రంధ్రాలది తీసుకోండి. 26 పెద్ద రంధ్రాలది లోపలి ఆటకు, చిన్న గాలికే పక్కకు పోతుంది. మన ఎండకు రేకుల షెడ్డులో, కారులో పెడితే మెత్తబడి కోలగా మారుతుంది. చలికాలం పొద్దున రంధ్రాల నడుమ చీలుతుంది. ప్రతి మ్యాచ్‌కు ముందు వేళ్ల మధ్య తిప్పి చూడండి. సన్న చీలిక ఉన్న బంతి శబ్దమే మారుతుంది, గిలక్కాయలా మోగుతుంది.

మొదటిసారి ఆడేవాళ్లను సర్వ్‌తో మొదలుపెట్టించకండి. ఇద్దరినీ కిచెన్ గీతల దగ్గర నిలబెట్టి రెండు నిమిషాలు మెల్లగా నెట్టు మీదుగా ఇటూ అటూ వేయించండి. క్రికెట్ ఆడినవాళ్లు బ్యాటు మొత్తం ఊపుతారు, బంతి బేస్‌లైన్ దాటి పోతుంది. వాళ్లకు "ఊపొద్దు, ముందుకు తోయి" అంటే చాలు. బ్యాడ్మింటన్ ఆడినవాళ్లు మణికట్టుతో కొడతారు, బంతి నెట్టులో పడుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం పెద్దవాళ్లందరికీ ఆట ముందే చెప్పండి. బంతి తల మీదుగా పోతే వెనక్కి నడుస్తూ కొట్టబోవద్దు. పడితే చెయ్యి కింద పెడతారు, మణికట్టు విరుగుతుంది. పక్కకు తిరిగి పరుగెత్తాలి, లేదా ఆ పాయింటు వదిలేయాలి. పరుగు షూ కూడా వద్దు, ఎత్తైన మెత్తటి మడమ మీద పక్కకు అడుగేస్తే చీలమండ మడతపడుతుంది. బ్యాడ్మింటన్ షూ మేలు.

ఖాళీజాగ_హనుమకొండ:

అందరికీ శనార్తులు. ముందుగల కమ్యూనిటీ హాల్ ఎనక ఉన్న సిమెంటు బ్యాడ్మింటన్ కోర్టు మీద సుద్దతోని మొదలుపెడతం. దానికి చక్రాల పికిల్‌బాల్ నెట్టు కొనాల్నా, ఉన్న బ్యాడ్మింటన్ నెట్టునే దించుకోవచ్చా?

కిచెన్‌గీత_కరీంనగర్:

నెలకైతే ఉన్నదే దించండి. పక్క గీతల దగ్గర 36 అంగుళాలు, నడుమ 34 అంగుళాలు ఉండాలి. బ్యాడ్మింటన్ నెట్టు రెండున్నర అడుగుల లోతే కాబట్టి కింద ఆరంగుళాల సందు మిగిలి బంతి దూరిపోతుంది, అడుగున ఒక బట్ట పట్టీ కుట్టించండి. నడుమ ఎత్తు తగ్గించడానికి రెండంగుళాల వెడల్పు పట్టీ ఒకటి పైనుంచి వేసి, కింద ఇసుక మూటకు కట్టండి. రోజూ ఆట ముందు నడుమ ఎత్తు టేపుతో కొలవాలి, రెండు గంటల ఆటకే తాడు సాగి అంగుళం దిగుతుంది. చక్రాల నెట్టు కొనేటప్పుడు నడుమ కింద ఆధారం కాలు ఉన్నదే చూడండి. అది లేనివాటికి గాలికి నడుమ ఒంగి 32 అంగుళాలకు వస్తుంది.

స్లాబ్‌పని_కాజీపేట:

ఇంకొక్కటి తమ్మీ. సిమెంటు మీద సుద్ద గీత రెండు ఆటలకే చెరుగుతది. రెండంగుళాల మాస్కింగ్ టేపు అంటించి, ఆట అయినంక అదే రోజు పీకేయుండ్రి. ఎండల వారం రోజులు వదిలితే జిగురు నేలకు పట్టి దుమ్మంత అంటుకుంటది, కిరోసిన్‌తోని గీకాల్సి వస్తది.